128 ప్రశ్నల్లో అమెరికా: పౌరసత్వ పరీక్ష పుస్తకం దేనికి చాలుతుంది, ఎక్కడ చాలదు

గ్రీన్ కార్డు చేతికొచ్చి అయిదేళ్లు నిండాక అమెరికా పౌరసత్వం కోసం ఎన్-400 దరఖాస్తు పెడతారు. అమెరికా పౌరుణ్ని గానీ పౌరురాలిని గానీ పెళ్లాడి కలిసి ఉంటున్నవాళ్లకైతే మూడేళ్లు చాలు. అప్పటిదాకా అమెరికా చరిత్ర జోలికి పోనివాళ్లు కూడా ఆ ఘడియలో పుస్తకం తెరవక తప్పదు. ఆ పుస్తకాన్ని ప్రభుత్వమే, అంటే పౌరసత్వం, వలసల వ్యవహారాలు చూసే యూఎస్‌సీఐఎస్ శాఖే ఇస్తుంది. యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్లో ‘వన్ నేషన్, వన్ పీపుల్’ పేరుతో పాఠ్యపుస్తకం, దాంతోపాటు 128 ప్రశ్నలూ జవాబుల జాబితా ఉంటాయి. రెండూ ఉచితం. పుస్తకం పుట్టిందే ఆ ప్రశ్నల కోసం కాబట్టి రెండింటినీ కలిపే తూకం వేయాలి.

తూకం ఎటు మొగ్గిందో ముందే చెప్పేస్తాం. పరీక్ష గట్టెక్కడానికి ఇంతకంటే మంచి సరుకు డబ్బు పోసినా దొరకదు. చరిత్ర నేర్చుకోవడానికైతే ఇది దారం లేని పూసల పొట్లం. పూసలన్నీ అసలువే, గుచ్చుకోవడం మాత్రం చదివేవాళ్ల పని. ఎక్కడెక్కడ ముడి వేసుకోవాలో తెలిస్తే పదిహేను రోజుల్లో పరీక్షా గట్టెక్కుతుంది, చరిత్రా కొంత మిగులుతుంది. తెలియకుండా బట్టీ పడితే ఇంటర్వ్యూ గది దాటేలోపే అంతా ఆవిరైపోతుంది.

పుస్తకం తెరిచే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది: మీకు వర్తించేది ఏ పరీక్ష? 2025 అక్టోబరు 20న గానీ ఆ తర్వాత గానీ దరఖాస్తు పెట్టినవాళ్లకు కొత్త పరీక్ష. 128 ప్రశ్నల్లోంచి అధికారి 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. పన్నెండో ఒప్పు పడగానే ఆపేస్తారు, తొమ్మిదో తప్పు పడినా ఆపేస్తారు. ఆ తేదీకి ముందు పెట్టినవాళ్లకు 2008 నాటి పరీక్షే: 100 ప్రశ్నల జాబితా, అడిగేవి 10, కావలసినవి 6. చూసేది దరఖాస్తు తేదీ, ఇంటర్వ్యూ తేదీ కాదు. దీనికి తోడు ఇంకో చిక్కు. 2020 డిసెంబరులో ఒక 128 ప్రశ్నల పరీక్ష వచ్చి, కొన్ని నెలలకే 2021లో వెనక్కి వెళ్లిపోయింది. అందువల్ల వాట్సాప్ గ్రూపుల్లో చక్కర్లు కొట్టే పీడీఎఫ్‌లలో మూడు కాలాలవీ కలిసిపోయి ఉంటాయి. ఎవరో పంపింది చదవకుండా యూఎస్‌సీఐఎస్ సైటు నుంచే దించుకోండి. మొదటిసారి తప్పితే 60 నుంచి 90 రోజుల్లోపు, తప్పిన భాగానికి మాత్రమే, మరో అవకాశం ఇస్తారు. అదీ పోతే దరఖాస్తు తిరస్కరిస్తారు. మళ్లీ ఫీజు కట్టి మొదటి నుంచి రావాల్సిందే.

జాబితాలో మూడు భాగాలున్నాయి. 1 నుంచి 72 దాకా ప్రభుత్వ వ్యవస్థ, 73 నుంచి 118 దాకా చరిత్ర, చివరి పదీ జెండా, జాతీయ గీతం, సెలవు రోజులు. అంటే చరిత్ర ప్రశ్నలు 46. ఇరవై ప్రశ్నల్లో చరిత్రకు ఇంత వాటా అని చెప్పిన నియమం లేదు గానీ, లెక్క ప్రకారం సగటున ఏడు పడాలి. ఎనిమిది తప్పుల దాకా భరిస్తారు కాబట్టి, చరిత్రను పూర్తిగా వదిలేసి పాలన భాగం మీదే పాసైపోవచ్చని లెక్కలు వేసేవాళ్లుంటారు. సగటు అంటే సగటే, మీ వంతుకు పది వస్తే గతేమిటి? పైగా పాలన ప్రశ్నల్లో సగం అర్థం కావాలన్నా 1787లో ఏం జరిగిందో తెలియాలి.

పరీక్ష నోటితోనే. బహుళైచ్ఛికం కాదు, ఎంచుకోవడానికి నాలుగు జవాబులు ఎదురుగా ఉండవు. చాలా ప్రశ్నలకు జాబితాలో అయిదారు జవాబులిచ్చి ఉంటారు, అడిగినన్ని చెబితే చాలు. ఒక కారణం చెప్పమంటే ఒకటే చెప్పి ఆగాలి. ఎక్కువ చెప్పి మెప్పించాలన్న ఉబలాటంలో రెండోది తప్పు చెప్పి ఇరుక్కునేవాళ్లకు కొదవలేదు. ఇక్కడో ఉపాయం: ప్రతి ప్రశ్నకూ ఇంటిల్లిపాదీ నోరు తిరిగే ఒక్క జవాబును ఎంచుకుని దాని కింద గీత గీసుకోండి. జాబితాలో లేని సరైన జవాబులు కూడా ఉండొచ్చని యూఎస్‌సీఐఎస్ ఒప్పుకుంటుంది, అయినా జాబితాలో ఉన్నవే చెప్పమంటుంది. ఆ మాట వినడమే క్షేమం.

ఇక చరిత్ర భాగం. వలస కాలం మీద ప్రశ్నలు మూడే: జనం ఎందుకు వచ్చారు, అంతకు ముందు ఎవరున్నారు, బానిసలుగా అమ్మింది ఎవర్ని. మూడు ఏకవాక్య జవాబులతో నూట యాభై ఏళ్లు దాటేస్తారు. అసలు కథ ‘బ్రిటన్ నుంచి విడిపోవడానికి ఒక కారణం చెప్పండి’ అన్న ప్రశ్న దగ్గర మొదలవుతుంది. అక్కడ జవాబులు ఒక గుట్ట: అధిక పన్నులు, ప్రాతినిధ్యం లేని పన్నులు, ఇళ్లలో సైనికుల మకాం, బోస్టన్ హత్యాకాండ, టీ పార్టీ, స్టాంప్ చట్టం, ఇంకా కొన్ని. ఏది ముందో ఏది వెనకో జాబితా చెప్పదు, ఇవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయనీ చెప్పదు. ఈ పుస్తకంలో మొదటి ముడి వేసుకోవలసింది ఇక్కడే.

వరస ఇదీ. 1763లో ముగిసిన ఏడేళ్ల యుద్ధంలో బ్రిటన్ ఫ్రాన్స్ మీద గెలిచింది, గెలిచి అప్పుల్లో మునిగింది. ఆ అప్పు తీర్చడానికి అమెరికాలోని తన వలస రాజ్యాల మీద పన్నులు వేయబోయింది. 1765లో అచ్చు కాగితాల మీద పన్ను వేసే స్టాంప్ చట్టం వచ్చింది, గొడవలయ్యాయి, మరుసటి ఏడాదే రద్దయింది. 1767లో దిగుమతుల మీద సుంకాలు వేసే టౌన్‌షెండ్ చట్టాలు వచ్చాయి. వాటిని అమలు చేయించడానికి బోస్టన్‌లో సైన్యాన్ని దింపారు. 1770 మార్చిలో ఆ సైన్యం జరిపిన కాల్పుల్లో అయిదుగురు పోయారు, అదే బోస్టన్ హత్యాకాండ. 1773లో తేయాకు చట్టం, ఆ డిసెంబరు 16 రాత్రి 342 పెట్టెల తేయాకు సముద్రం పాలు, అదే టీ పార్టీ. దానికి శిక్షగా 1774లో బోస్టన్ రేవును మూసేసిన చట్టాలు, వాటినే ‘భరించరాని చట్టాలు’ అంటారు. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్‌టన్, కాంకర్డ్ ఊళ్లలో తుపాకులు పేలాయి. ఇంతవరకూ ఒక కాగితం మీద రాసుకుంటే ఆ గుట్టలోంచి ఏ జవాబైనా తడుముకోకుండా వస్తుంది.

ఈ వరసలో తెలుగువాళ్లకు కొత్తగా నేర్చుకోవలసింది నిజానికి కొంచెమే. ఆ ఏడేళ్ల యుద్ధమే మన కోస్తాకూ వచ్చింది. 1758 డిసెంబరులో గోదావరి జిల్లాలో జరిగిన చెందుర్తి యుద్ధం, 1759లో ఫ్రెంచివాళ్ల చేతుల్లోంచి బందరు కోట జారిపోవడం ఆ పెద్ద పోరాటంలోని ముక్కలే. అమెరికాలో దానికి ‘ఫ్రెంచ్ అండ్ ఇండియన్ వార్’ అని పేరు. ఆ ఇండియన్లు మనం కాదు, అక్కడి ఆదివాసులు. బోస్టన్‌లో నీళ్లపాలైన తేయాకు చైనాలో పండింది, అమ్మజూపింది ఈస్టిండియా కంపెనీ. ఆ కంపెనీని దివాలా నుంచి కాపాడటానికే తేయాకు చట్టం తెచ్చారు. 1781 అక్టోబరులో యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్‌కు లొంగిపోయిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ అయిదేళ్లకు మనకే గవర్నర్ జనరల్ అయి వచ్చాడు. 1793లో బెంగాల్లో అతను తెచ్చిన శాశ్వత శిస్తు పద్ధతే 1802 నుంచి ఉత్తర సర్కారుల జమీందారీలకూ పాకింది. పరీక్షలో ఇవేవీ అడగరు. కానీ యార్క్‌టౌన్ అన్న మాట బుర్రలో నిలబడటానికి ఇంతకంటే గట్టి మేకు దొరకదు.

విప్లవ యుద్ధంలో ఒక ఘట్టం చెప్పమనే ప్రశ్నకు బంకర్ హిల్, డెలావేర్ నది దాటడం, సరటోగా, వ్యాలీ ఫోర్జ్, యార్క్‌టౌన్ వంటివి ఇచ్చారు. పలకడానికి సులువైనది యార్క్‌టౌన్, అర్థం చేసుకోవలసినది సరటోగా. 1777లో అక్కడ బ్రిటిష్ దళం ఒకటి మొత్తంగా లొంగిపోయాకే ఫ్రాన్స్‌కు నమ్మకం కుదిరి 1778లో పొత్తు పెట్టుకుంది. ఫ్రెంచి నౌకలు సముద్రం వైపు దారి మూయకపోతే యార్క్‌టౌన్‌లో కార్న్‌వాలిస్ తప్పించుకుని పోయేవాడు. రెండు పూసల మధ్య దారం అంటే ఇదే, జాబితాలో దొరకనిదీ ఇదే.

‘తొలి పదమూడు రాష్ట్రాల్లో అయిదింటి పేర్లు చెప్పండి’ అన్నది కొత్త పరీక్షలో బరువు పెరిగిన ప్రశ్న. పాత పరీక్షలో మూడు చాలేవి. పదమూడూ బట్టీ పట్టక్కర్లేదు. మూడు న్యూలు, రెండు కరోలినాలు అని గుర్తుపెట్టుకోండి: న్యూ హాంప్‌షైర్, న్యూయార్క్, న్యూజెర్సీ, నార్త్ కరోలినా, సౌత్ కరోలినా. అయిదూ అయిపోయాయి. న్యూలతో ఒక ప్రమాదముంది. న్యూ మెక్సికో రాష్ట్రమైంది 1912లో, దాన్ని కలపకూడదు. వెర్మాంట్, మెయిన్, వెస్ట్ వర్జీనియా కూడా పటంలో అదే పక్క కనబడతాయి గానీ పదమూడులో లేవు.

రెండో ముడి 1776కూ 1787కూ మధ్య వేసుకోవాలి. తప్పులన్నిటికీ పుట్టిల్లు ఈ పదకొండేళ్లు. 1776 జులై 4 స్వాతంత్ర్య ప్రకటన, రాసింది జెఫర్సన్. 1787 రాజ్యాంగం, రాసినప్పుడు జెఫర్సన్ దేశంలోనే లేడు, ఫ్రాన్స్‌లో రాయబారిగా ఉన్నాడు. రాజ్యాంగ పితామహుడన్న పేరు మాడిసన్‌ది. ఈ రెండు తేదీల మధ్య దేశం ‘ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్’ అన్న బలహీనమైన ఒప్పందం మీద నడిచింది. కేంద్రానికి పన్ను వేసే అధికారం లేదు. యుద్ధం చేసొచ్చిన సైనికులకు జీతం బకాయిలు తీర్చే దిక్కు లేదు. 1786లో మసాచుసెట్స్ రైతులు అప్పుల బాధతో షేస్ నాయకత్వంలో తిరగబడితే అణచడానికి కేంద్రం దగ్గర సైన్యం లేదు. అందుకే కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. ఈ ‘అందుకే’ తెలిస్తే పాలన భాగంలోని అధికారాల విభజన, కేంద్రానికి ఏవి, రాష్ట్రాలకు ఏవి అన్న ప్రశ్నలు సగం వాటంతటవే తేలిపోతాయి. అందుకని మా సలహా: 73వ ప్రశ్న నుంచి మొదలుపెట్టి 89 దాకా చదివి, ఆ తర్వాతే 1వ ప్రశ్నకు వెనక్కి వెళ్లండి. పుస్తకం వరసలో పోతే కారణం తెలియకముందే ఫలితం బట్టీ పట్టాల్సి వస్తుంది.

85 నుంచి 89 దాకా అయిదుగురు మహానుభావుల మీద అయిదు ప్రశ్నలు: ఫ్రాంక్లిన్, వాషింగ్టన్, జెఫర్సన్, మాడిసన్, హామిల్టన్. ఇందులో ఫ్రాంక్లిన్, హామిల్టన్ అధ్యక్షులు కారు. నోటు మీద బొమ్మ ఉంది కదా అని అధ్యక్షుడనేస్తారు. ఫ్రాంక్లిన్ వంద డాలర్ల నోటు మీద, హామిల్టన్ పది మీద ఉన్నారు, అంతే. హామిల్టన్ తొలి ఖజానా మంత్రి. రాజ్యాంగాన్ని ఆమోదించమని జనాన్ని ఒప్పించడానికి మాడిసన్, హామిల్టన్, జే ముగ్గురూ ‘పబ్లియస్’ అన్న ఒకే కలం పేరుతో 85 వ్యాసాలు రాశారు, అవే ఫెడరలిస్ట్ పత్రాలు. రాసినవాళ్లలో ఒకరి పేరు అడిగితే జెఫర్సన్ అనకండి.

పందొమ్మిదో శతాబ్దానికి వచ్చేసరికి పుస్తకం బలమూ బలహీనతా రెండూ బయటపడతాయి. ముందు ఒక భాషా చిక్కు. అధికారి ‘ఎయిటీన్ హండ్రెడ్స్’లో అమెరికా చేసిన ఒక యుద్ధం పేరు అడుగుతారు. మన చెవికి ‘ఎయిటీన్’ అనగానే పద్దెనిమిదో శతాబ్దం తట్టి, నోట్లోంచి విప్లవ యుద్ధం వచ్చేస్తుంది. అడిగింది 1800 నుంచి 1899 దాకా. జవాబు అంతర్యుద్ధం అనేయండి, అది ఎటు తిరిగినా పనికొచ్చే జవాబు.

ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన ఆ అంతర్యుద్ధంలో ఒక ఘట్టం చెప్పమంటే ఫోర్ట్ సమ్టర్, గెటిస్‌బర్గ్, విక్స్‌బర్గ్, అపొమాటక్స్ వంటివి ఉన్నాయి. నాలుగూ నాలుగు మెట్లు. 1861 ఏప్రిల్‌లో సమ్టర్ కోట మీద మొదటి గుళ్లు. 1863 జులై మొదటి వారంలో ఒకదాని వెంట ఒకటి గెటిస్‌బర్గ్, విక్స్‌బర్గ్, అక్కణ్నుంచి దక్షిణాది పతనం. 1865 ఏప్రిల్ 9న అపొమాటక్స్‌లో దక్షిణాది సేనాని లీ లొంగుబాటు. అయిదు రోజులకు లింకన్ మీద కాల్పులు. ఇంతవరకు బాగానే ఉంది. యుద్ధం ఎందుకు వచ్చిందన్న దగ్గర మాత్రం పాత 100 ప్రశ్నల జాబితా గోడ మీద పిల్లి. బానిసత్వం, ఆర్థిక కారణాలు, రాష్ట్రాల హక్కులు, మూడింటిలో ఏదైనా ఒప్పే అంటుంది. పరీక్ష కోసం ఏది చెప్పినా మార్కే. చరిత్ర కోసమైతే 1860 డిసెంబరులో మొదట విడిపోయిన సౌత్ కరోలినా తన ప్రకటనలో ఏం రాసుకుందో చూస్తే సందేహం మిగలదు. పారిపోయిన బానిసల్ని ఉత్తరాది రాష్ట్రాలు పట్టి అప్పగించడం లేదన్నదే అందులో ప్రధానమైన ఫిర్యాదు. రాష్ట్రాల హక్కులంటే ఏ హక్కన్నది అక్కడే తేలిపోతోంది.

లింకన్ విమోచన ప్రకటనకూ 13వ సవరణకూ తేడా తెలియకుండా ముందుకు పోకండి. 1863 జనవరి 1 నాటి ప్రకటన తిరుగుబాటులో ఉన్న ప్రాంతాల బానిసలకే వర్తించింది. ఉత్తరాది పక్షమైన యూనియన్‌తో నిలిచిన కెంటకీ, మేరీలాండ్, డెలావేర్, మిస్సోరీలను ముట్టుకోలేదు. దేశమంతటా బానిసత్వాన్ని రద్దు చేసింది 1865 డిసెంబరులో అమల్లోకి వచ్చిన 13వ సవరణ. అధికారి ‘ప్రకటన ఏం చేసింది’ అంటే ‘బానిసల్ని విడుదల చేసింది’ అన్న ముక్క చాలు.

ఇక అసలు అభ్యంతరం. ‘పురుషులందరికీ ఓటు హక్కు ఎప్పుడు వచ్చింది?’ అన్నది ప్రశ్న. జవాబు: అంతర్యుద్ధం తర్వాత, 15వ సవరణతో, 1870లో. స్త్రీలందరికీ? 19వ సవరణతో, 1920లో. పరీక్ష గదిలో ఇవే చెప్పండి, వాదన పెట్టుకోకండి. కానీ ఆ ‘అందరికీ’ దగ్గర పెన్సిల్‌తో ఒక ప్రశ్నార్థకం వేసుకోండి. 15వ సవరణ చేసిందల్లా జాతిని, రంగును, గత బానిసత్వాన్ని సాకుగా చూపి ఓటు ఆపకూడదనడం. దక్షిణాది రాష్ట్రాలు వేరే సాకులు వెతుక్కున్నాయి: ఓటు పన్ను, అక్షరాస్యత పరీక్ష. వాటికి తోడు భయపెట్టడం ఉండనే ఉంది. కేంద్ర ఎన్నికల్లో ఓటు పన్నును ఆపింది 1964 నాటి 24వ సవరణ, మిగతా అడ్డంకుల్ని తొలగించే పని పట్టింది 1965 నాటి ఓటు హక్కు చట్టం. ఇక్కడి ఆదివాసులందరికీ పౌరసత్వమే 1924 దాకా రాలేదు. ఆ చట్టం పేరు ‘ఇండియన్ సిటిజన్‌షిప్ యాక్ట్’, మళ్లీ మనం కాదు. ఈ 95 ఏళ్ల మెలిక తెలియకపోతే పౌరహక్కుల ఉద్యమం దేనికి వచ్చిందో అర్థం కాదు. ఓటు 1870లోనే అందరికీ వచ్చేస్తే 1965లో సెల్మా నుంచి మాంట్‌గోమరీ దాకా నల్లజాతివాళ్లు ఓటు కోసం నడిచిందెందుకు?

ఇరవయ్యో శతాబ్దం భాగం తేలిక. కొరియా యుద్ధంలోకి ఎందుకు దిగారు, వియత్నాంలోకి ఎందుకు దిగారు అన్న రెండింటికీ ఒకటే జవాబు, కమ్యూనిజం వ్యాప్తిని ఆపడానికి. గల్ఫ్ యుద్ధానికి కువైట్, రెండో ప్రపంచ యుద్ధానికి పెర్ల్ హార్బర్. ఆర్థిక మహామాంద్యం మొదలైంది 1929 స్టాక్ మార్కెట్ పతనంతో, అప్పటి అధ్యక్షుల్లో జాబితా అడిగేది ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ను. రూజ్‌వెల్ట్‌లు ఇద్దరున్నారు కాబట్టి మొదటి పేరు కూడా కలిపి చెబితే మంచిది.

ఈ పుస్తకంలోని అతిపెద్ద వింత లేనిదాంట్లో ఉంది. ఇది పౌరసత్వ పరీక్ష. ఈ దేశ పౌరసత్వం ఎవరికి ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు అన్నదాని మీద 128లో దాదాపు ఏమీ లేదు. ఇక్కడ పుట్టినవాళ్లకు పౌరసత్వమిచ్చిన 14వ సవరణ మీద ప్రశ్న ఉంది, వలస వచ్చినవాళ్ల సంగతి లేదు. 1790 నాటి తొలి చట్టం ‘స్వేచ్ఛ గల తెల్లవాళ్లకు’ మాత్రమే ఆ తలుపు తీసింది. 1870లో ఆఫ్రికన్ సంతతికీ తీశారు. 1882లో చైనా కూలీల రాకనే నిషేధించారు. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థింద్ అనే భారతీయుడి కేసులో సుప్రీంకోర్టు భారతీయులు ఆ చట్టం చెప్పే తెల్లవాళ్ల కిందికి రారని తీర్పిచ్చింది. అప్పటికే పౌరసత్వం పొందిన కొందరు భారతీయుల నుంచి దాన్ని వెనక్కి లాక్కున్నారు. ఆ రోజుల్లోనే యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగాడు. ఎంతటి శాస్త్రవేత్త అయినా 1946 దాకా చట్టం ఆయనకు ఆ తలుపు తెరవలేదు. 1946లో లూస్-సెల్లర్ చట్టం పౌరసత్వానికి దారి తీసింది, వలసకు మాత్రం ఏడాదికి వందమంది అని గీత గీసింది. దేశాలవారీ పాత కోటాల్ని 1965 చట్టం ఎత్తేశాకే మన డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో రావడం వీలైంది. హెచ్-1బి వీసా ఇప్పటి రూపంలో 1990 చట్టంతో వచ్చింది. పై వరసంతా ఒక పేజీకి మించదు. పుస్తకం వెనక అట్ట లోపలి వైపు రాసి పెట్టుకోండి, పిల్లలు అడిగినప్పుడు పనికొస్తుంది.

అమ్మానాన్నల కోసం ఈ పుస్తకం చూస్తున్నవాళ్లకు వేరే సంగతులు. దరఖాస్తు పెట్టేనాటికి 50 ఏళ్లు నిండి గ్రీన్ కార్డు మీద 20 ఏళ్లు ఉన్నవాళ్లకూ, 55 నిండి 15 ఏళ్లు ఉన్నవాళ్లకూ ఇంగ్లిష్ పరీక్ష ఉండదు. సివిక్స్ ప్రశ్నలకు, అంటే ఈ పాలన, చరిత్ర ప్రశ్నలకు, తెలుగులోనే జవాబు చెప్పొచ్చు, దుబాసీని వెంట తీసుకెళ్లాలి. 65 నిండి 20 ఏళ్లు గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లకు నక్షత్రం గుర్తున్న 20 ప్రశ్నలు చదివితే చాలు, అందులోంచి 10 అడుగుతారు, 6 చెప్పాలి. నాన్నగారు పెద్దవారే గానీ వచ్చి ఏడేళ్లే అయిందంటే ఈ వెసులుబాట్లేవీ వర్తించవు, వయసొక్కటే చాలదు. చదవలేని అనారోగ్యం ఉంటే డాక్టరు నింపే ఎన్-648 ఫారం వేరే దారి.

తెలుగులో చదివించేటప్పుడు మాటలతో జాగ్రత్త. ‘కాంగ్రెస్’ అనగానే పెద్దవాళ్లకు ఇందిరాగాంధీ గుర్తొస్తుంది. ‘అమెరికా పార్లమెంటు పేరు కాంగ్రెస్, అందులో సెనేట్ ఒకటి, ప్రతినిధుల సభ ఒకటి’ అని మొదటి రోజే విడదీయాలి. ‘స్వాతంత్ర్య దినం’ అంటే ఆగస్టు 15 నోటికొస్తుంది. ‘ఇండియన్లు’ అన్నచోటల్లా ‘ఇక్కడి ఆదివాసులు’ అని మార్చి చెప్పండి, తెగ పేరు చెరోకీ గానీ నవాహో గానీ ఒకటి ఖాయం చేయండి. ‘జాతిపిత’ అంటే గాంధీగారు వస్తారు, వాషింగ్టన్ రావాలి. రాజ్యాంగం, సవరణ, అంతర్యుద్ధం వంటి మాటలు పత్రికలు చదివే అలవాటున్నవాళ్లకు కొత్త కాదు. ఇంట్లో ప్రశ్న అడిగేవాళ్లూ రేపు దుబాసీగా వెళ్లేవాళ్లూ ఒకే తెలుగు మాట వాడాలి, ఇంట్లో ‘బానిసల విడుదల’ అని నేర్పి అక్కడ ‘విమోచన ప్రకటన’ అంటే పెద్దావిడ తెల్లమొహం వేస్తారు.

ఇంగ్లిష్ పరీక్ష ఉన్నవాళ్లు మూడు వాక్యాల్లో ఒకటి చదవాలి, మూడింటిలో ఒకటి రాయాలి. వాటికి పదాల జాబితాలు విడిగా ఇచ్చారు, చరిత్ర చదివితే సగం పదాలు వచ్చేసినట్టే. రాసేటప్పుడు చిన్న అక్షరదోషాన్ని క్షమిస్తారు, పొట్టి రూపాల్ని క్షమించరు. యూఎస్ అని రెండక్షరాలు పడేయకుండా యునైటెడ్ స్టేట్స్ అని పూర్తిగా రాయండి.

కొనాలా? వద్దు. ప్రభుత్వ ప్రచురణలకు కాపీరైట్ లేదు కాబట్టి ఇవే ప్రశ్నల్ని ఎవరైనా అచ్చేసి ఆన్‌లైన్లో అమ్మొచ్చు, అమ్ముతున్నారు. అలాంటి పుస్తకం అట్ట మీద ఏ సంవత్సరం ఉన్నా, లోపల అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, స్పీకరు, గవర్నరు పేర్లు అచ్చయిన నాటివే. ఈ పేర్లు అడిగే ప్రశ్నల జవాబులు మారుతుంటాయి. ఇంటర్వ్యూకు ముందు వారంలో యూఎస్‌సీఐఎస్ సైటులోని తాజా జవాబుల పేజీ తెరిచి, మీ రాష్ట్ర సెనేటర్ల పేర్లు, మీ నియోజకవర్గ ప్రతినిధి పేరు సరిచూసుకుని, పీడీఎఫ్ మీద పెన్నుతో రాసుకోండి. అచ్చు తీసుకోవాలంటే ప్రశ్నల జాబితా ఒక్కటీ చాలు. పాఠ్యపుస్తకం తెర మీద చదువుకోవచ్చు.